తొంభై ఏళ్ళ గుండెకు పేస్‌మేకర్: అడ్డం వయసేనా?

క్లుప్తంగా: బాగా పెద్ద వయసువారిలో నాడి ఒక్కసారిగా 30, 35కి పడిపోతే అది వృద్ధాప్యపు నీరసం కాదు, అత్యవసర స్థితి. కొందరికి మందులు ఆపి, రక్తంలో పొటాషియం సరిచేస్తే నాడి మళ్ళీ పుంజుకుంటుంది. గుండెలోని విద్యుత్ మార్గమే పాడైనవారికి, గుండెకు విద్యుత్ సంకేతాలిచ్చి కొట్టుకునేలా చేసే చిన్న యంత్రం, అంటే పేస్‌మేకర్ తప్ప దారి లేదు. పేస్‌మేకర్ పెట్టడానికి వైద్య మార్గదర్శకాల్లో గరిష్ఠ వయోపరిమితి లేదు. గోదావరి డెల్టాలో పెద్దవాళ్ళకు అసలు అడ్డంకి చాలాసార్లు వయసు కాదు, జబ్బును గుర్తించడంలో జరిగే ఆలస్యం.

ఎనభై ఐదు, తొంభై దాటిన పెద్దవాళ్ళున్న ఇళ్ళు డెల్టాలో ఇప్పుడు అరుదేమీ కాదు. అలాంటి ఇంట్లో పెద్దాయన పెరట్లో నడుస్తూ ఉన్నపళంగా పడిపోతారు. ఆస్పత్రికి తీసుకెళ్తే "నాడి ముప్ఫైకి వచ్చేసింది, వెంటనే పేస్‌మేకర్ పెట్టాలి" అంటారు. బంధువుల్లో "ఈ వయసులో ఇంకా కోతలెందుకండీ" అనేవారుంటారు, "ఎంతైనా పర్లేదు, పెట్టేయండి" అనేవారూ ఉంటారు. రెండు మాటలూ వయసును పట్టుకునే తిరుగుతాయి. వైద్యులు మాత్రం వయసు కంటే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. నాడి ఎందుకు పడిపోయింది? దానంతట అది తిరిగి వచ్చే అవకాశం ఉందా? ఆ తర్వాతే మనిషి మిగతా ఆరోగ్యం ఎలా ఉంది, ఆ మనిషికి ఏం కావాలి అన్న ప్రశ్నలు వస్తాయి. ఈ వరుస తప్పితే అవసరం లేనివారికి యంత్రం పెట్టే ప్రమాదం ఉంది. అవసరమైనవారిని పెద్ద వయసు పేరుతో వదిలేసే ప్రమాదమూ ఉంది.

నాడి ఎందుకు పడిపోతుంది

గుండె కుడివైపు పై గదిలో సైనస్ నోడ్ అనే చిన్న కణాల గుంపు ఉంటుంది. నిమిషానికి 60 నుంచి 100 సార్లు విద్యుత్ సంకేతం పుట్టేది అక్కడే. ఆ సంకేతం పై గదుల మీదుగా, పై గదులకూ కింది గదులకూ మధ్యన ఉండే ఏవీ నోడ్‌కు వస్తుంది. అక్కడి నుంచి హిస్ బండిల్ అనే సన్నని కట్ట గుండా దిగి, కుడి ఎడమ శాఖలుగా చీలి కింది గదులకు చేరుతుంది. కింది గదులు ముడుచుకుంటేనే మెదడుకూ ఒంటికీ రక్తం అందుతుంది.

దీన్ని డెల్టా కాలువలతో పోల్చుకోవచ్చు. ధవళేశ్వరం దగ్గర నీళ్ళు నిండుగా ఉన్నా, మధ్యలో లాకుల తలుపులు మూసుకుపోతే శివారు భూములకు చేరేది అడుగున ఊరే నీరే. పూర్తి హార్ట్ బ్లాక్‌లో జరిగేదీ ఇదే. పై గదులు నిమిషానికి 80 సార్లు కొట్టుకుంటూనే ఉంటాయి, కింది గదులకు ఒక్క సంకేతమూ దిగదు. అప్పుడు కింది భాగంలోని కణాలే సొంతంగా సంకేతాలు పుట్టించుకుంటాయి. అడ్డంకి ఏవీ నోడ్ దగ్గరే ఉంటే ఈ ఆపద్ధర్మపు నాడి 40 నుంచి 60 వరకు ఉంటుంది. అడ్డంకి కింది శాఖల్లో ఉంటే 20 నుంచి 40కి మించదు, అది కూడా నమ్మదగింది కాదు. ఎప్పుడైనా కొన్ని సెకన్లు ఆగిపోవచ్చు.

వృద్ధుల్లో దీనికి ఎక్కువగా కనిపించే కారణం విద్యుత్ మార్గం అరిగిపోవడం. కణాల స్థానంలో పీచు కణజాలం పేరుకుంటుంది. గుండె కవాటాల చుట్టూ పేరుకున్న కాల్షియం పక్కనే ఉన్న హిస్ బండిల్‌లోకి పాకుతుంది. 1964లో అమెరికాలో మారిస్ లెవ్, ఫ్రాన్స్‌లో లెనెగ్ర్ ఈ మార్పులను విడివిడిగా వివరించారు. ఇది రక్తనాళాలు పూడుకుపోయి స్టెంట్ వేసే సమస్య కాదు. రక్తనాళాలు శుభ్రంగా ఉన్నవారికీ ఇది వస్తుంది. యాంజియోగ్రామ్ బాగుందంటే విద్యుత్ మార్గం కూడా బాగుందని అర్థం కాదు.

గుండె పది సెకన్లు ఆగితే చాలు, మెదడుకు రక్తం అందక మనిషి స్పృహ తప్పుతాడు. ఇంకొంచెం ఎక్కువసేపు ఆగితే చేతులు కాళ్ళు కొట్టుకుంటాయి. నాడి తిరిగి రాగానే ముఖం ఎర్రబడి మనిషి తేరుకుంటాడు. ఇలాంటి దాడులను డబ్లిన్ వైద్యులు రాబర్ట్ ఆడమ్స్ 1827లో, విలియం స్టోక్స్ 1846లో వివరించారు. నేటికీ వాటిని స్టోక్స్–ఆడమ్స్ దాడులనే అంటారు. చూసేవారికి అవి మూర్ఛలా కనిపిస్తాయి. ఫిట్స్ మందులు వాడుతూ, అసలు జబ్బు గుండెలో ఉందని ఆలస్యంగా తెలుసుకునే రోగులు అందుకే ఉంటారు.

సైనస్ నోడ్ మందగించడం వేరు, కింది మార్గం తెగిపోవడం వేరు. మొదటిదానిలో కళ్ళు తిరగడం, అలసట ఉంటాయి గానీ వెంటనే ప్రాణాపాయం తక్కువ. లక్షణాలు ఉంటేనే పేస్‌మేకర్ ఆలోచిస్తారు. రెండోది అలా కాదు. 2018 నాటి అమెరికా మార్గదర్శకాల ప్రకారం సరిదిద్దగల కారణం లేని పూర్తి బ్లాక్‌కూ, మధ్యమధ్య కొన్ని సంకేతాలు హఠాత్తుగా కిందికి దిగకుండా పోయే మోబిట్జ్ టైప్ 2 బ్లాక్‌కూ లక్షణాలు లేకపోయినా పేస్‌మేకర్ సిఫారసు చేస్తారు. పేస్‌మేకర్లు లేని కాలంలో పూర్తి హార్ట్ బ్లాక్ వచ్చినవారిలో దాదాపు సగం మంది ఏడాదిలోపే చనిపోయేవారు.

బీపీ మిషన్‌లో మూడో అంకె

ఇప్పుడు చాలా ఇళ్ళలో డిజిటల్ బీపీ మిషన్ ఉంది. పైన రెండు అంకెలు చూసి "బీపీ నూట ఎనభై ఉంది" అనుకుంటారు. కింద ఉండే మూడో అంకెను, అంటే నాడిని, పట్టించుకునేవారు తక్కువ. హార్ట్ బ్లాక్ విషయంలో ఈ నిర్లక్ష్యం ఖరీదైనది.

నాడి 35 ఉన్నప్పుడు రెండు కొట్టుకోవడాల మధ్య వ్యవధి పెరుగుతుంది. ఆ వ్యవధిలో కింది గది మామూలు కంటే ఎక్కువ రక్తంతో నిండి, ఒక్కసారిగా పెద్ద మోతాదులో బయటికి నెడుతుంది. వయసుతో రక్తనాళాలు బిరుసెక్కి ఉంటాయి కాబట్టి పై బీపీ 180 దాకా లేస్తుంది, కింది బీపీ 60కి, ఇంకా తక్కువకూ దిగుతుంది. ఆ పై అంకెను మాత్రమే చూసి అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి మాత్రను పెంచితే, అది ఉన్న కాస్త నాడినీ అణచివేస్తుంది. పై బీపీ ఎక్కువ, కింది బీపీ తక్కువ, నాడి 40 కంటే తక్కువ, ఈ మూడూ కలిసి కనిపిస్తే బీపీ మాత్ర వేయడం కాదు, ఈసీజీ తీయించడం ముందు పని.

డిజిటల్ మిషన్ లెక్క కొన్నిసార్లు తప్పుతుంది. మధ్యమధ్య అదనపు కొట్టుకోవడాలు ఉన్నవారిలో అది నాడిని నిజం కంటే తక్కువగా చూపగలదు. మణికట్టు దగ్గర వేలు పెట్టి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టుకుంటే కొంత స్పష్టత వస్తుంది. తేల్చిచెప్పేది మాత్రం ఈసీజీయే.

నీళ్ళు దాటి రావాల్సిన దూరం

ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలుతుంది. గౌతమికీ వసిష్ఠకూ మధ్యన ఉన్న కోనసీమ నుంచి ఎటు వెళ్ళాలన్నా ఏదో ఒక పాయ దాటాలి. రావులపాలెం దగ్గర, యానాం దగ్గర, చించినాడ దగ్గర వంతెనలు వచ్చాక ప్రయాణం బాగా తేలికైంది. అయినా సఖినేటిపల్లి–నరసాపురం మధ్య పంటు మీద దాటేవారున్నారు. నది మధ్యలోని లంక గ్రామాలకు వానాకాలంలో పడవే ఆధారం. 2022 జులై వరదలో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి వెళ్ళినప్పుడు లంకల్లో ఇళ్ళ నుంచి బయటికి రావడమే కష్టమైంది. గుండెలోకి వైరు పంపే సౌకర్యం, అందుకు కావలసిన క్యాత్ ల్యాబ్, నిపుణులు ఎక్కువగా కాకినాడ, రాజమహేంద్రవరం లాంటి పెద్ద పట్టణాల్లోనే ఉంటారు. అమలాపురం నుంచి ఈ రెండూ అరవై కిలోమీటర్లకు అటూఇటూ.

దూరాన్ని ఎవరూ తగ్గించలేరు. ఆ దూరం మొదలయ్యే లోపు జరిగే ఆలస్యాన్ని మాత్రం తగ్గించవచ్చు. పెద్దావిడ కళ్ళు తిరుగుతున్నాయంటే మొదట ఊళ్ళోని ఆర్ఎంపీ వచ్చి సెలైన్ ఎక్కించడం డెల్టాలో మామూలే. నీరసానికి కారణం నాడి 32 ఉండటమైతే సెలైన్ వల్ల ఒరిగేది లేదు. గుండె ఇప్పటికే రక్తాన్ని నెట్టలేక ఇబ్బంది పడుతుంటే, అదనపు నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం పెరగవచ్చు. అదే సమయంలో దగ్గరలోని ఏరియా ఆస్పత్రిలోనో కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌లోనో ఒక ఈసీజీ తీయిస్తే జబ్బు పేరు పది నిమిషాల్లో తెలుస్తుంది. ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెద్దాస్పత్రికి ముందే పంపితే, రోగి చేరేసరికి అక్కడ సిద్ధంగా ఉంటారు.

ప్రయాణంలో మనిషిని ఆటోలో నిటారుగా కూర్చోబెట్టడం మంచిది కాదు. ఆయాసం లేకపోతే పడుకోబెట్టి తీసుకెళ్ళడమే మెదడుకు మేలు. 108లో వెళ్తే దారిలో మానిటర్ మీద నాడిని కనిపెట్టుకునే అవకాశం ఉంటుంది. స్పృహ లేదు, శ్వాస లేదు అంటే ఛాతీ నొక్కడం వెంటనే మొదలుపెట్టాలి. వాడుతున్న మందులన్నీ, కంట్లో వేసుకునే చుక్కలతో సహా, ఒక సంచిలో వేసి వెంట తీసుకెళ్ళాలి. ఆ సంచి ఎందుకంత ముఖ్యమో వెంటనే తెలుస్తుంది.

యంత్రం కంటే ముందు వెతకాల్సినవి

అత్యవసర విభాగంలో మొదటి గంటలో రెండు పనులు పక్కపక్కనే సాగుతాయి. ఒకటి నాడిని నిలబెట్టడం. అట్రోపిన్ 1 మిల్లీగ్రాము ఇంజెక్షన్ ఇస్తారు, మళ్ళీమళ్ళీ ఇచ్చినా మొత్తం 3 మిల్లీగ్రాములు మించనివ్వరు. అడ్డంకి ఏవీ నోడ్ కింద ఉంటే అట్రోపిన్ పెద్దగా పనిచేయదు. అప్పుడు అడ్రినలిన్ గానీ డోపమిన్ గానీ డ్రిప్‌లో ఇస్తారు. ఛాతీ మీద ప్యాడ్‌లు అంటించి, చర్మం పైనుంచే గుండెకు విద్యుత్ ఇచ్చే పద్ధతీ ఉంది. బోస్టన్‌లో పాల్ జోల్ 1952లో చూపించిన ఈ పద్ధతి ఇప్పుడు గుండెకు షాక్ ఇచ్చే యంత్రాల్లో, అంటే డీఫిబ్రిలేటర్లలో, చాలావాటిలో ఉంటుంది. నొప్పి ఉంటుంది కాబట్టి మత్తు ఇవ్వాలి, కాసేపటి ఆసరాకే పనికొస్తుంది.

రెండో పని కారణం వెతకడం. వృద్ధుల్లో ఇది ముఖ్యం. నాడి పడిపోయిన ప్రతి మనిషికీ విద్యుత్ మార్గం పాడైనట్టు కాదు. బీటా బ్లాకర్లు (అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటివి), వెరపమిల్, డిల్టియాజెమ్, డిగాక్సిన్, క్లోనిడిన్, మతిమరుపుకు వాడే డోనెపెజిల్, ఇవన్నీ నాడిని తగ్గిస్తాయి. గ్లకోమాకు కంట్లో వేసే టిమొలాల్ చుక్క కూడా బీటా బ్లాకరే. అది కన్నీటి నాళం గుండా ముక్కులోకి దిగి అక్కడి పొర నుంచి రక్తంలో కలుస్తుంది. మందుల చీటీలో లేని ఈ చుక్క సీసా సంచిలో కనబడితే కారణం దొరికినట్టే. థైరాయిడ్ బాగా తగ్గినా నాడి మందగిస్తుంది. గుండె అడుగుభాగానికి వచ్చిన గుండెపోటులోనూ బ్లాక్ ఏర్పడుతుంది. రక్తప్రసరణ పునరుద్ధరిస్తే అది చాలావరకు కొన్ని రోజుల్లో తగ్గుతుంది కాబట్టి శాశ్వత యంత్రానికి తొందరపడరు.

డెల్టా సందర్భంలో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది పొటాషియం గురించి. రక్తంలో ఇది పెరిగితే గుండె విద్యుత్ సంకేతాలు మందగించి, చివరికి ఆగిపోతాయి. ఒక వృద్ధురాలు బీపీకి టెల్మిసార్టాన్, గుండెకు స్పైరొనొలాక్టోన్, నాడికి అటెనొలాల్ వాడుతున్నారనుకుందాం. మొదటి రెండూ పొటాషియాన్ని ఒంట్లో నిలిపి ఉంచుతాయి. అటెనొలాల్ బయటికి పోవాల్సింది మూత్రపిండాల ద్వారానే. వేసవి ఎండలోనో, రెండు రోజుల విరేచనాలతోనో ఒళ్ళు ఆరిపోతే అసలే నెమ్మదిగా ఉన్న మూత్రపిండాలు ఇంకా మందగిస్తాయి. పొటాషియం పెరుగుతుంది, అటెనొలాల్ పేరుకుపోతుంది, రెండూ కలిసి నాడిని కిందికి లాగుతాయి. నాడి పడిపోయేసరికి మూత్రపిండాలకు రక్తం ఇంకా తగ్గి, పొటాషియం ఇంకా పెరుగుతుంది. ఈ విషవలయానికి వైద్యులు పెట్టుకున్న పేరు బ్రాష్ సిండ్రోమ్.

ఇక్కడే కొబ్బరిబొండం వస్తుంది. ఒంట్లో నీరు తగ్గిందంటే కోనసీమలో మొదట చేసే పని బొండం కొట్టి తాగించడం. ఆరోగ్యవంతుడికి అది మంచిదే. కొబ్బరినీళ్ళలో 100 మిల్లీలీటర్లకు 200 నుంచి 250 మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉంటుంది. మూత్రపిండాలు దెబ్బతిని, పైన చెప్పిన మందులు వాడుతున్న పెద్దవారికి రోజుకు రెండు మూడు బొండాలు పడితే బలం కోసం ఇచ్చిందే బ్రాష్ వలయాన్ని వేగంగా తిప్పుతుంది. సోడియం తక్కువ అని అమ్మే కొన్ని ఉప్పుల్లోనూ పొటాషియం క్లోరైడే ఉంటుంది. వీటన్నిటికీ చికిత్స పేస్‌మేకర్ కాదు. కాల్షియం గ్లూకోనేట్ నరంలోకి ఇస్తే నిమిషాల్లో గుండె కుదుటపడుతుంది. ఇన్సులిన్–గ్లూకోజ్ పొటాషియాన్ని కణాల్లోకి నెడుతుంది. అవసరమైతే డయాలసిస్ చేస్తారు. ఒక్క రక్తపరీక్ష చూడకుండా నేరుగా ఆపరేషన్ టేబుల్ ఎక్కిస్తే, ఈ చికిత్సతోనే రెండు రోజుల్లో నయమయ్యే మనిషి జీవితాంతం యంత్రంతో ఉండాల్సి వస్తుంది.

తాత్కాలిక వైరు: ఆదుకుంటుంది, ఆటంకపెడుతుంది

మందులు పనిచేయక, నాడి నిలవకపోతే మెడలోనో తొడలోనో నరం గుండా ఒక వైరును కుడివైపు కింది గదిలోకి పంపి, బయట ఉంచిన పెట్టెకు కలుపుతారు. దీన్నే తాత్కాలిక పేస్‌మేకర్ అంటారు. కుటుంబం తరచూ అయోమయపడేది ఇక్కడే. ఒకసారి సంతకం పెట్టాం, మళ్ళీ రెండోసారి ఎందుకంటారు. మొదటి సంతకం ఈ వైరుకు, రెండోది చర్మం కింద శాశ్వతంగా అమర్చే యంత్రానికి. వీటి మధ్య ఉన్న వ్యవధి కారణం వెతకడానికి, కుటుంబం ఆలోచించుకోవడానికి దొరికే సమయం.

ఆ సమయం ఎంత తక్కువైతే వృద్ధులకు అంత మంచిది. తొడలో వైరు ఉంటే మనిషి లేవకూడదు. తొంభై ఏళ్ళ మనిషి మూడు నాలుగు రోజులు కదలకుండా పడుకుంటే న్యుమోనియా, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం, పుండ్లు, మతి చలించడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అయోమయంలో కొందరు వైరునే లాగేసుకుంటారు. వయసుతో పలచబడిన గుండె గోడను వైరు కొస గుచ్చుకుని బయటికి పోయే ప్రమాదమూ ఉంది. తాత్కాలిక వైరు వేసినవారిలో తర్వాత పెట్టే శాశ్వత యంత్రానికి ఇన్ఫెక్షన్ సోకే ముప్పు పెరుగుతుంది. 2021 నాటి యూరప్ మార్గదర్శకాలు కూడా ఈ వైరును తప్పనిసరి సందర్భాలకే పరిమితం చేయమంటాయి. బ్లాక్ తిరిగి రానిదని తేలినప్పుడు, వీలైతే నేరుగా శాశ్వత పేస్‌మేకర్‌కే వెళ్ళడం మేలు. వారాంతం అనో, డబ్బు సర్దుబాటు కాలేదనో, హైదరాబాద్ నుంచి అబ్బాయి రావాలనో తాత్కాలిక వైరు మీద రోజులు గడపడం వృద్ధుల విషయంలో తటస్థమైన నిరీక్షణ కాదు. అది కూడా ఒక నిర్ణయమే, దానికీ ముప్పు ఉంది.

శాశ్వత యంత్రం: ఒక వైరా, రెండా

1958 అక్టోబర్ 8న స్టాక్‌హోమ్‌లో ఆకె సెన్నింగ్, రూనె ఎల్మ్‌క్విస్ట్ మొదటిసారి మనిషి ఒంట్లో పేస్‌మేకర్ అమర్చారు. అది కొద్ది గంటలే పనిచేసింది. దాన్ని అందుకున్న ఆర్నె లార్సన్ ఆ తర్వాత ఎన్నో యంత్రాలు మార్చుకుంటూ 2001 దాకా, 86 ఏళ్ళు బతికారు. అప్పట్లో ఛాతీ తెరవాల్సి వచ్చింది. ఇప్పుడు మత్తుమందు ఆ భాగానికే ఇచ్చి, కాలర్ ఎముక కింద చిన్న కోతతో గంటా గంటన్నరలో ముగిస్తారు. పూర్తి మత్తు అవసరం లేదు. "ఈ వయసులో మత్తు తట్టుకుంటారా" అన్న భయం చాలావరకు ఇక్కడ వర్తించదు.

కింది గదికి ఒక్క వైరు పంపేది సింగిల్ ఛాంబర్. పై గదికీ మరో వైరు పంపి రెండు గదులనూ సమన్వయం చేసేది డ్యూయల్ ఛాంబర్. ఖరీదు రెండోదానికి ఎక్కువ. "అమ్మకు మంచిదే పెట్టండి" అంటూ రెండోది అడిగే కుటుంబాలు ఎక్కువ. బ్రిటన్‌లో 70 దాటి ఏవీ బ్లాక్ (పై గదుల సంకేతం కింది గదులకు సరిగా దిగకపోవడం) ఉన్న 2,021 మందిపై జరిపి 2005లో ప్రచురించిన యూకేపేస్ అధ్యయనంలో ఏడాదికి మరణాల రేటు సింగిల్‌లో 7.2 శాతం, డ్యూయల్‌లో 7.4 శాతం. అంటే తేడా లేనట్టే. అమర్చేటప్పుడు వచ్చే చిక్కులు మాత్రం సింగిల్‌లో 3.5 శాతం, డ్యూయల్‌లో 7.8 శాతం. చురుకుగా తిరిగేవారికి, సైనస్ నోడ్ జబ్బు ఉన్నవారికి డ్యూయల్‌తో ప్రయోజనాలు ఉన్నాయి. కొందరికి ఒక్క వైరుతో గుండె గదుల సమన్వయం తప్పి, కళ్ళు తిరగడం, ఆయాసం వస్తాయి. మంచం, కుర్చీ మధ్యే గడిపే తొంభై రెండేళ్ళ మనిషికి చౌకదే పెట్టారంటే తక్కువ చికిత్స చేసినట్టు కాదు.

2016లో అమెరికాలో అనుమతి పొందిన వైరు లేని పేస్‌మేకర్ ఇంకో మార్గం. పెద్ద మాత్రంత ఉండే యంత్రాన్ని తొడ నరం గుండా పంపి నేరుగా గుండె లోపల వదులుతారు. ఛాతీ మీద కోత లేదు, లాగేసుకోవడానికి వైరు లేదు. ధర చాలా ఎక్కువ.

చిక్కుల గురించి కూడా కుటుంబానికి తెలియాలి. బక్కపలచని వృద్ధుల్లో సూది ఊపిరితిత్తికి తగిలి గాలి చేరడం, వైరు జారడం, కోత దగ్గర రక్తం గడ్డకట్టడం కొంచెం ఎక్కువ. రక్తం పలచబడే మందులు వాడేవారు ఆ విషయం తప్పక చెప్పాలి. వార్ఫరిన్ ఆపి హెపారిన్ ఇవ్వడం కంటే, వార్ఫరిన్ కొనసాగిస్తూ అమర్చడంలోనే రక్తపు గడ్డలు తక్కువని 2013లో వచ్చిన అధ్యయనంలో తేలింది.

ఎవరికి మేలు, ఎవరికి కాదు

వయసు 90 అన్న సమాచారం ఒక్కటే దాదాపు ఏమీ చెప్పదు. రోజూ గుడికి నడిచి వెళ్ళి, సొంత పనులు చేసుకునే 93 ఏళ్ళ మనిషి ఒకరు. ఏడాదిగా మంచంలో ఉండి, మనుషుల్ని గుర్తుపట్టని 80 ఏళ్ళ మనిషి మరొకరు. మొదటి మనిషికి పేస్‌మేకర్ పెడితే స్పృహ తప్పడం ఆగుతుంది, పడి తుంటి ఎముక విరగ్గొట్టుకునే ముప్పు తగ్గుతుంది, మళ్ళీ నడవగలుగుతారు. రెండో మనిషికి నాడి సరిగా కొట్టుకుంటుంది, మిగతాదేమీ మారదు. మిగతా జబ్బుల వల్ల ఉపయోగం ఉండదని అనిపించినప్పుడు, లేదా రోగి కోరికకు విరుద్ధమైనప్పుడు పెట్టవద్దని 2018 మార్గదర్శకాలే చెబుతున్నాయి.

మధ్యలో ఒక మెలిక ఉంది. నాడి 30 ఉన్న మనిషికి మెదడుకు రక్తం చాలక మతి తప్పినట్టు ఉండవచ్చు. దాన్ని ముదిరిన మతిమరుపు అనుకుని యంత్రం వద్దనుకుంటే పొరపాటే. వారం క్రితం మనిషి ఎలా ఉన్నారు అన్నది ఇక్కడ ఏ స్కానింగ్ కంటే విలువైన సమాచారం. దాన్ని చెప్పగలిగేది ఇంట్లో రోజూ దగ్గరుండి చూసుకునేవారే, అమెరికా నుంచి ఫోన్‌లో నిర్ణయం చెప్పే కొడుకు కాదు. తాత్కాలికంగా నాడి పెంచాక మనిషి తేటపడితే ఆ ప్రశ్నకు జవాబు దొరికినట్టే. అప్పుడు అడగాల్సింది కూడా ఆ మనిషినే. "పెద్దాయనకు చెప్పకండి, భయపడతారు" అని వైద్యుణ్ణి పక్కకు పిలవడం మన దగ్గర బాగా ఉన్న అలవాటు. స్పృహలో ఉన్న పెద్దాయన ఒంటి మీద కోతకు ఆయన మాటే మొదట లెక్కలోకి రావాలి.

ఖర్చు సంగతి

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న రాష్ట్ర పథకంలో పేస్‌మేకర్ చికిత్స ఉంది. ఆదాయంతో పని లేకుండా 70 దాటిన అందరికీ ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వర్తించేలా కేంద్రం 2024 అక్టోబర్‌లో ఆయుష్మాన్ భారత్‌ను విస్తరించింది. నెట్‌వర్క్ ఆస్పత్రిలో చేరగానే ఆరోగ్యమిత్రను కలిసి, ఏ రకం యంత్రం పథకంలోకి వస్తుందో, తేడా ఏమైనా చేతి నుంచి కట్టాలా అన్నది ఆపరేషన్‌కు ముందే అడగాలి. ఆధార్, కార్డు ఇంట్లో వదిలేసి రావడం వల్ల పోయే గంటలు తాత్కాలిక వైరు మీద గడిచే గంటలే.

"ప్రాణం పోనివ్వదట" అన్న భయం

పేస్‌మేకర్ ఉంటే చివరి ఘడియల్లో ప్రాణం పోక మనిషి నరకం చూస్తాడన్న మాట పల్లెల్లో గట్టిగా వినిపిస్తుంది. చాలామంది వద్దనడానికి బయటికి చెప్పని కారణం ఇదే. యంత్రం చేసేది చిన్న విద్యుత్ సంకేతం ఇవ్వడం మాత్రమే. ముడుచుకోవాల్సింది గుండె కండరం. ఏ జబ్బుతోనైనా శరీరం చివరి దశకు చేరి, ప్రాణవాయువు తగ్గి, రక్తం ఆమ్లగుణం పొందాక కండరం ఆ సంకేతానికి స్పందించదు. యంత్రం సంకేతాలు ఇస్తూనే ఉన్నా మరణం దాని దారిన వస్తుంది. ప్రమాదకరమైన లయను షాక్ ఇచ్చి ఆపే ఐసీడీ అనేది వేరే పరికరం. చివరి రోజుల్లో బాధపెట్టేది అది, దాన్ని ముందుగా ఆపించవచ్చు. ఈ రెండింటి గురించి విన్న కథలు కలిసిపోయి పేస్‌మేకర్‌కు చెడ్డపేరు వచ్చింది.

అమర్చాక ఆ వైపు చేతిని నాలుగు నుంచి ఆరు వారాలు భుజం కంటే పైకి ఎత్తకూడదు. పూర్తిగా కట్టేసినట్టు ఉంచినా భుజం బిగుసుకుపోతుంది. మొబైల్‌ను చొక్కా జేబులో యంత్రం మీద కాకుండా, దానికి 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచితే చాలు. ఇంట్లో మిక్సీ, టీవీ, ఫ్రిజ్‌తో భయం లేదు. బ్యాటరీ సాధారణంగా 8 నుంచి 12 ఏళ్ళు వస్తుంది కాబట్టి తొంభైలో పెట్టినవారికి మార్చాల్సిన అవసరం చాలావరకు రాదు. యంత్రం పరీక్షకు మాత్రం ఏడాదికి ఒకట్రెండుసార్లు వెళ్ళాలి. కంపెనీ, మోడల్, తేదీ ఉన్న కార్డును ఆధార్ ఉన్నచోటే ఉంచాలి.

దహన సంస్కారం చేసే కుటుంబాలకు ఇంకో విషయం ముందే తెలియాలి. బ్యాటరీ ఉన్న పేస్‌మేకర్ చితి మంటల్లో పేలుతుంది, దగ్గరున్నవారికి గాయాలు కావచ్చు. గ్యాస్, విద్యుత్ దహనవాటికల్లో యంత్రాలూ దెబ్బతింటాయి. ఆస్పత్రిలో చనిపోతే శవాన్ని అప్పగించే ముందే యంత్రం తీయమని అడగాలి. చర్మం కిందే ఉంటుంది కాబట్టి అది కొద్ది నిమిషాల పని. ఇంట్లో చనిపోతే దగ్గరలోని వైద్యుణ్ణి పిలిచి తీయించాలి, కాటికాపరికి కూడా చెప్పాలి. గుండె లోపల ఉండే వైరు లేని యంత్రమైతే ఆ సంగతి కార్డులో చూసి ఆస్పత్రిని ముందుగా అడగడం మంచిది. ఖననం చేసేవారికి ఈ పని అవసరం లేదు.